కలంకారీ: కసిం గీత పాకిపోతోంది, ఎరుపు ఇటుక రంగులోకి దిగుతోంది. తప్పు ఎక్కడ?

శ్రావణి_కుంచె:

అందరికీ నమస్కారం. కాళహస్తి పద్ధతి కలంకారీ (కలంతో చేత్తో గీసేది) ఇంట్లో చిన్న ముక్కల మీద సాధన చేస్తున్నాను. ఉండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు. రెండు చోట్ల బండి ఆగిపోయింది.

మొదటిది కసిం (ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన నల్లరంగు) గీత. గీసిన క్షణంలో సన్నగానే ఉంటుంది, రెండు మూడు సెకన్లలో అంచులు ఈకల్లా విచ్చుకుంటాయి. కళ్ళు, వేళ్ళు, నగల దగ్గర గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. రెండోది ఎరుపు. పటిక పూసి మంజిష్ఠలో (ఎరుపునిచ్చే వేరు) ఉడికిస్తే ఇటుక రంగు వస్తోంది, అక్కడక్కడ ఊదా మచ్చలు కూడా.

చేసిన పద్ధతి ఇదీ: మీటరు కోరా గుడ్డ (తూస్తే 140 గ్రాములు) గంట నానబెట్టి పిండాను. కరక్కాయ పొడి రెండు చెంచాలు, పావు లీటరు టోన్డ్ పాలు, ముప్పావు లీటరు నీళ్ళు కలిపి ముంచి తీగ మీద ఆరేశాను. కసిం కాస్త చిక్కగా ఉంటుందని తుమ్మ బంక కలిపాను. పటిక కిరాణా కొట్టులో కొన్నది. పటిక పూసిన సాయంత్రమే గుడ్డని బకెట్లో ఒకసారి ముంచి తీసి, స్టీలు గిన్నెలో 50 గ్రాముల మంజిష్ఠ వేసి 20 నిమిషాలు బాగా మరిగించాను. పాళ్ళు తెలిసినవాళ్ళు చెప్పగలరా?


కోరాగుడ్డ:

శ్రావణి గారూ, గీత చెడింది కలం దగ్గర కాదండీ, గుడ్డ దగ్గరే.

గంట నానితే కోరా గుడ్డలో గంజి పోదు. మిల్లు గుడ్డయితే పడుగుకి పట్టించిన గంజితో పాటు జిడ్డు కూడా ఉంటుంది. రాత్రంతా నాననిచ్చి, మర్నాడు 140 గ్రాముల గుడ్డకి 3 గ్రాముల చాకలి సోడా వేసి ముప్పావు గంట ఉడికించండి. నీళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, పోవాల్సింది అదే. తర్వాత బండకేసి ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. సోడా ఏమాత్రం మిగిలినా కరక్కాయ పెట్టగానే గుడ్డ మట్టి రంగుకి మారుతుంది. ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. వేసీ వెయ్యగానే ఇంకిపోవాలి. నిలబడిందంటే గంజి ఇంకా ఉన్నట్టే, మళ్ళీ ఉడకబెట్టాల్సిందే.

కరక్కాయకి చెంచాల లెక్క పనికిరాదు. గుడ్డ బరువులో ఐదో వంతు పొడి, అంటే మీ ముక్కకి 28 గ్రాములు. గింజ తీసేసిన పెచ్చుల పొడి కావాలి, ఇనుముతో కలిసి నలుపునిచ్చే వగరు పదార్థం, టానిన్, ఉండేది ఆ పెచ్చులోనే. ముందు రోజు రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. వడకట్టకపోతే పొడి రేణువులు గుడ్డకి అంటుకుంటాయి. అలాంటి రేణువుకి కసిం తగిలిందా, నల్లచుక్క పడుతుంది, ఇక పోదు.

పాలలో మనకి పనిచేసేది ముఖ్యంగా వెన్న. పోగుల సందుల్లో చేరి కసిం పక్కకి పాకకుండా ఆపుతుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం. మీరు దానికి మూడింతల నీళ్ళు కలిపారు, అంటే మొత్తంలో ముప్పావు శాతం మిగిలింది. దాంతో గీత ఆగదు. కాచని గేదె పాలు అర లీటరు, కరక్కాయ వడకట్టిన నీళ్ళు అర లీటరు. ఇక్కడ మొదలుపెట్టి, గుడ్డ దళసరిని బట్టి కొంచెం అటూ ఇటూ మార్చుకోండి. గేదె పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ (6 శాతం) చాలు. డబుల్ టోన్డ్ జోలికి పోకండి.

గుడ్డని ఆ పాలలో పావుగంట సేపు అటూ ఇటూ తిప్పి, మడతల్లో నిలవ లేకుండా గట్టిగా పిండండి. ఆరేయడంలో చాలామంది చేసేదే మీరూ చేశారు. తీగ మీద వేస్తే పాలు కిందికి జారి అడుగు అంచున చేరతాయి. అప్పుడు గుడ్డ పైభాగంలో గీత పాకుతుంది, కింది భాగంలో కసిం అసలు పట్టదు. శుభ్రమైన గచ్చు మీదో గడ్డి మీదో పరిచి, నడుమ ఒకసారి తిరగేసి ఎండలోనే ఆరనివ్వండి. ఎండ తగిలే వైపుకి టానిన్ ఎక్కువ చేరుతుంది కాబట్టి చివర్లో పైకి ఉన్న ముఖం మీద బొమ్మ వేయండి. ఆరాక జాడించకూడదు. మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు, ఆరేలోపే పాలు పులిసి బూజు పడుతుంది.

ఇప్పుడు మళ్ళీ నీటి చుక్క వేయండి. ఈసారి ఒకటి రెండు క్షణాలు నిలబడి, మెల్లగా, గుండ్రంగా ఇంకాలి.


పెడన_అచ్చు:

పైన చెప్పిందంతా సరైనదే. ఒకటి మాత్రం మిగిలిపోయింది, బంక. మీ పాళ్ళలో సగం కాళహస్తి, సగం మచిలీపట్నం కలిసిపోయాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు వేర్వేరుగా ఉన్నట్టే పనితీరూ వేరు. మచిలీపట్నం పద్ధతిలో, అంటే మా పెడనలో, టేకు అచ్చుతో అద్దేటప్పుడు కసిం చిక్కగా ఉండాలి, లేకపోతే అచ్చు చెక్కుడు సందుల్లో నిండిపోయి పువ్వు కాస్తా మచ్చ అవుతుంది. అందుకు బంక కావాలి. కలానికి అక్కర్లేదు. బంక కసిం కలానికి చుట్టిన ఉన్ని చుట్టలో ఇరుక్కుని దిగదు, దిగట్లేదని మీరు నొక్కుతారు, అప్పుడు ఒక్కసారిగా బొట్టు పడుతుంది. కళ్ళ దగ్గర గీతలు కలవడానికి ఇదీ ఓ కారణమే.

కసిం ఇలా పెట్టుకోండి. తుప్పు పట్టిన మేకులు, ఇనప ముక్కలు 1 కిలో. నిప్పుల్లో కాల్చి, చల్లారాక కొట్టి, వదులుగా ఉన్న తుప్పు రజను దులిపేయాలి. మట్టికుండలో ఆ ఇనుము, పావు కిలో బెల్లం, ఉంటే కొంచెం తాటి బెల్లం, 5 లీటర్ల నీళ్ళు. మూతికి గుడ్డ కట్టండి. బిర్రు మూత పెట్టొద్దు, పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. రోజూ కర్రతో కలపాలి. ఎండాకాలంలో పది పన్నెండు రోజులకి పండుతుంది, చలికాలంలో మూడు వారాలు పట్టొచ్చు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది, జరిగేది ఇంతే. పైన తేలిన తెట్టు తీసేసి, తేటని మాత్రం వడకట్టి వాడాలి. అడుగు మడ్డి తగిలితే గీత పక్కన తుప్పు మరకలు పడతాయి.

పండిందీ లేనిదీ కుండ చూసి చెప్పలేం. కరక్కాయ పెట్టిన చిన్న పీలిక మీద గీయండి. గీత లేత బూడిదగా దిగి కళ్ళ ముందే నల్లబడాలి. గోధుమగానే ఉండిపోతే ఇంకా ఇనుము కరగలేదని, నాలుగు రోజులు ఆగండి. నలుపు చాలట్లేదని అదే గీత మీద రెండోసారీ మూడోసారీ దిద్దే అలవాటు మాత్రం మంచిది కాదు. ఇనుము ఎక్కువైన చోట నూలు కాలక్రమంలో పొడిబారి తెగిపోతుంది. పాత కలంకారీ తెరల్లో రంగులున్న గుడ్డ నిలిచి, సరిగ్గా నల్ల గీత వెంటే చిరుగు కనిపించడానికి కారణం ఇదే.


సువర్ణముఖి_రేవు:

ఎరుపు గురించి నేను చెబుతాను. ఇటుక రంగుకీ ఊదా మచ్చలకీ మొదట అనుమానించాల్సింది ఇనుమునే. పటిక మీద మంజిష్ఠ ఎరుపునిస్తుంది. అదే మంజిష్ఠ ఇనుము మీద ఊదా నుంచి నలుపు దాకా పోతుంది. రెండూ ఒకేచోట పడితే గోధుమ. కాబట్టి పటిక పూసిన చోటికి ఇనుము ఏ దారిన వచ్చిందో వెతకాలి.

మొదటి అనుమానం ఆ బకెట్ మీద. గీతలో పట్టగా మిగిలిన ఇనుము గుడ్డ మీద వదులుగా ఉంటుంది. నిలవ నీళ్ళలో ముంచగానే అది నీళ్ళలోకి దిగుతుంది. గుడ్డంతా కరక్కాయే కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పట్టేస్తుంది. పటికా అంతే, పక్కకి దిగి నేలంతా (గుడ్డ మీద బొమ్మ లేని భాగం) ఎర్రబడుతుంది. కాళహస్తిలో ఏటి పారకంలో జాడించేది ఇందుకే, వదిలిన మందు (ఇనుము, పటిక) మళ్ళీ గుడ్డకి తగలకుండా కొట్టుకుపోవాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే ముందు గుప్పెడు ఆవు పేడ కలిపి వడకట్టిన బకెట్ నీళ్ళలోనో, లీటరుకి 5 గ్రాముల సుద్దపొడి వేసిన నీళ్ళలోనో గుడ్డని చకచకా ఆడించండి. వదులుగా ఉన్న మందుని అవి అక్కడే కట్టేస్తాయి. ఆ వెంటనే కొళాయి ధార కింద గుడ్డని విప్పి పట్టుకుని పావుగంట జాడించండి. మడత పెట్టి కుప్పగా వదిలితే మచ్చలు ఖాయం.

ఇక తొందర. కసిం గీత ఆరాక ఒక రోజు గాలికి వదలాలి. పటిక పూశాక కనీసం మరో రోజు. పటిక పోగుకి పట్టడానికి ఆ సమయం కావాలి. సాయంత్రమే ఉతికితే సగం పటిక మోరీలోకి పోయినట్టే.

పటిక కొనేటప్పుడు తెల్లగా, పటికబెల్లంలా పారదర్శకంగా ఉన్న గడ్డ ఏరుకోండి. నీళ్ళు తేర్చడానికి అమ్మే పసుపు, గోధుమ చాయ గడ్డల్లో ఇనుము ఉంటుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 100 గ్రాములు చాలు. అంతకన్నా ఎక్కువైతే ఆరేటప్పుడు గుడ్డ మీద పలుకులు కడుతుంది. పటికకి కలం వేరు, గిన్నె వేరు. కసిం కలం ఒక్కసారి ఆ గిన్నెలో మునిగితే ఆ నీళ్ళు పారబోయడమే.

పటిక నీళ్ళకి రంగుండదు, ఎక్కడ పూశామో తెలీక కొన్నిచోట్ల వదిలేస్తాం. కొంచెం పతంగి చెక్క కాచిన నీళ్ళు కలుపుకోండి, గులాబీ చాయలో కనబడుతుంది. కొత్త చిట్కా ఏం కాదు, 1742లో కోరమాండల్ తీరపు అద్దకం గురించి కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ రాసిన లేఖలో కూడా ఉంది. కరక్కాయ, గేదె పాలు కూడా అందులో ఉన్నాయి.

మంజిష్ఠ మీరు వేసింది గుడ్డ బరువులో మూడో వంతు. నిండు ఎరుపుకి గుడ్డ ఎంతో దాదాపు అంత కావాలి, 100 నుంచి 140 గ్రాములు. పుల్లల్ని దంచి రాత్రి నానేయండి. కొంచెం సురుగుడు చెక్క కలిపితే రంగుకి లోతొస్తుంది. గుడ్డని గోరువెచ్చగా ఉన్నప్పుడే వేసి, గంటసేపు మెల్లగా వేడి పెంచుతూ, కర్రతో తిప్పుతూనే ఉండాలి. చిన్న బుడగలు మొదలయ్యాక ఇంకో అరగంట, తర్వాత ఆ నీళ్ళలోనే చల్లారనివ్వండి. కళపెళ మరిగిస్తే వేరులోని గోధుమ చాయలు కూడా దిగి ఎరుపు మసకబారుతుంది. స్టీలు గిన్నె పర్వాలేదు, రాగిదైతే మరీ మంచిది. ఇనప బాణలి మాత్రం ఈ పనికి పనికిరాదు. పాతకాలపు ఎరుపు చిరివేరుది, ఇసుక నేలల్లో పెరిగే మొక్క. ఇప్పుడది దొరకబుచ్చుకోవడం కష్టం, మంజిష్ఠతోనే సాధన చేయండి.


టెక్సాస్_తెలుగు:

కోరాగుడ్డ గారూ, మాకు గేదె పాలు దొరకవు. ఇక్కడి హోల్ మిల్క్ 3.25 శాతమే. కొబ్బరి పాలు, సోయా పాలు వాడొచ్చని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు, పనిచేస్తాయా?


కోరాగుడ్డ:

సోయా పాలలో మాంసకృత్తులు ఉంటాయి, వెన్న తక్కువ. అది వేరే రకం అద్దకానికి బాగుంటుంది, కలం గీతకి నేనైతే చెప్పను. కొబ్బరి పాల జిడ్డు చలికి గడ్డకట్టి మచ్చలుగా నిలుస్తుంది. మీ దగ్గర హాఫ్ అండ్ హాఫ్ అని అమ్ముతారు కదండీ, 10.5 శాతం వెన్న ఉన్నది చూసి, దాన్నీ హోల్ మిల్క్‌నీ సమంగా కలిపితే దాదాపు 7 శాతం వస్తుంది. గేదె పాల లెక్కకి అది సరిపోతుంది.


ఈతపుల్ల:

కలం గురించి ఎవరూ చెప్పలేదు. బజార్లో అమ్మే నిబ్బు కలాలు, బ్రష్షులు పక్కన పెట్టేయండి. జానెడు వెదురు పుల్ల గానీ ఈత పుల్ల గానీ తీసుకుని మొన చెక్కండి. మొనకి అంగుళం, అంగుళంన్నర పైన ఉన్ని పీలికని చిన్న నిమ్మకాయంత చుట్టి, నూలుదారం అడ్డంగా అడ్డంగా వేసి గట్టిగా కట్టాలి. ఈ చుట్టే కసిం నిలవ. గీసేటప్పుడు పుల్లని దాదాపు నిట్టనిలువుగా పట్టి, బొటనవేలూ చూపుడువేలూ చుట్ట మీద ఉంచి, ఎంత నొక్కితే అంత దిగేలా చూసుకోవాలి. ముంచగానే గుడ్డ మీద పెట్టొద్దు. పక్క పీలిక మీద మొదటి బొట్టు వదిలి, ఒక చిన్న గీత గీసి చూసి, అప్పుడు బొమ్మ మీదికి రండి. మొన తడికి మెత్తబడుతుంది, మెత్తబడ్డప్పుడల్లా కొంచెం చెక్కుకోవాలి. పటిక, రంగులు నింపడానికి మొన మొద్దుగా, గుండ్రంగా ఉన్న లావు కలం వేరే కట్టుకోండి.

గుడ్డ కింద నున్నటి బల్ల ఉంటే గుడ్డ దాటిన కసిం అక్కడే నిలిచి మళ్ళీ పైకి పాకుతుంది. పాత దుప్పటి మడిచి పరవండి. ముందు గీత చింతపుల్ల బొగ్గుతో వేయాలి, దులిపితే పోతుంది. పెన్సిల్ గీత పాలజిడ్డులో ఇరుక్కుని ఉతికినా ఉండిపోతుంది. బొగ్గుకి వేలి లావు చింత పుల్లల్ని డబ్బాలో ఇసుక మధ్య పేర్చి, మూతపెట్టి, పొగ ఆగేదాకా నిప్పుల మీద ఉంచితే చాలు.

కలం గీత ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే మంచి పని దగ్గరగా చూడాలి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారి బొమ్మలతో మొదలుపెట్టొచ్చు. చేతి గీత మందం దారిలో మారుతూ ఉంటుంది, మళ్ళీ ముంచిన చోట కొంచెం లావెక్కుతుంది. కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింటులో గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం, పైగా వెనక వైపు తెల్లగా ఉంటుంది.


సువర్ణముఖి_రేవు:

ఎరుపు తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. ఉడికాక నేలంతా లేత గులాబీ, గోధుమ చాయలో ఉంటుంది. పేడ నీళ్ళలో రాత్రంతా ఉంచి, మర్నాడు ఉతికి, గడ్డి మీద పరిచి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ రెండు మూడు రోజులు ఎండబెడితే నేల తెల్లబడుతుంది. పటిక మీది ఎరుపు, కసిం నలుపు నిలుస్తాయి. తొందరపడి బ్లీచింగ్ పౌడర్ వేశారంటే ఎరుపు, నలుపు, గుడ్డ మూడూ పోతాయి. వానాకాలంలో ఈ పని అవ్వదు. నిజానికి చిన్న ముక్కలకి నేల అలా చాయతో ఉన్నా అందంగానే ఉంటుంది, వదిలేయండి.

పసుపుకి ముందు మళ్ళీ ఒకసారి పాలు పట్టించాలి, లేకపోతే పసుపు నల్లగీత దాటి పాకుతుంది. కరక్కాయ పువ్వు 100 గ్రాములు లీటరు నీళ్ళలో సగానికి మరిగించి, వడకట్టి, 5 గ్రాముల పటిక వేసి పూస్తారు. రంగులన్నిట్లో ఎండకి మొదట పోయేది ఈ పసుపే. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. పాత అద్దకాల్లో ఆకులు నీలంగా కనిపించేది పసుపు వెలిసిపోయి నీలం మిగలడం వల్ల. నీలిమందు సంగతి మాత్రం ఇప్పుడే వద్దు. పులిసిన తొట్టిలోంచి తీసింది గాలి తగలగానే నీలంగా మారి, పోగులోకి దిగకుండా పైపైనే నిలుస్తుంది. దాంతో పోరాడేలోపు నలుపు, ఎరుపు, పసుపులతో ఎన్నో బొమ్మలు వేసుకోవచ్చు.


శ్రావణి_కుంచె:

అందరికీ చాలా కృతజ్ఞతలు. సోడాలో ఉడకబెట్టాక చుక్క వెంటనే ఇంకింది, గేదె పాలతో పెట్టాక గీత నిలబడింది. ఒక్క అనుమానం మిగిలింది, మా బోరు నీళ్ళలో ఇనుము ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఉంటే అన్నీ ఆర్‌ఓ నీళ్ళతోనే చేయాలా? అంత నీళ్ళంటే మా ఇంట్లో కష్టం.


సువర్ణముఖి_రేవు:

గాజు గ్లాసులో బోరు నీళ్ళు పట్టి, వడకట్టిన కరక్కాయ నీళ్ళు రెండు చెంచాలు పోసి పది నిమిషాలు ఆగండి. పక్కనే ఆర్‌ఓ నీళ్ళతో ఇంకో గ్లాసు పెట్టి, రెంటి కిందా తెల్ల కాగితం ఉంచి చూడండి. రెండూ లేత పసుపులోనే ఉంటే సమస్య లేదు. బోరు గ్లాసు బూడిద, ఊదా చాయకి తిరిగితే ఇనుము ఉన్నట్టే.

ఉన్నా అన్నింటికీ ఆర్‌ఓ అక్కర్లేదు. కరక్కాయ పాలు కలపడానికి లీటరు, పటికకి లీటరు, మంజిష్ఠ ఉడికించడానికి గుడ్డ మునిగి తేలిగ్గా తిరిగేంత, అంటే మీ ముక్కకి ఓ 5 లీటర్లు, ఈ మూడూ ఆర్‌ఓ అయితే చాలు. మంజిష్ఠ గిన్నెలో చిటికెడు సుద్దపొడి వేయండి. ఆ ఎరుపు నిండుగా రావాలంటే కొంచెం సున్నపు గుణం కావాలి, ఆర్‌ఓ నీళ్ళలో అది ఉండదు. గంజి పోగొట్టే ఉతుకు, సోడా ఉడుకు బోరు నీళ్ళతోనే కానివ్వండి. కరక్కాయ పెట్టకముందు గుడ్డని చివరిసారి జాడించేది మాత్రం ఆర్‌ఓ నీళ్ళతో చేయండి. పటిక తర్వాతి ఉతుకు పెద్ద పనే, దానికి వాన నీళ్ళు పట్టుకోగలిగితే పట్టుకోండి. లేకపోతే బోరు నీళ్ళని వెడల్పాటి తొట్టిలో పోసి, బాగా చిలికి, రాత్రంతా వదిలేస్తే గాలి తగిలి చాలావరకు ఇనుము తుప్పుగా అడుగుకి దిగుతుంది. పై తేటని మగ్గుతో ముంచుకుని వాడండి, తొట్టిని కదపొద్దు.